పొద్దున్నే చెరువు దగ్గరికి పక్షుల ఫొటోలకి కెమెరాతో వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

– బ్యాటరీలు రాత్రే చార్జింగ్ పెట్టండి, మెమరీ కార్డులో ఖాళీ ఉందో లేదో చూసుకోండి. చలికి బ్యాటరీ దిగిపోతుందని భయపెడతారు గానీ మన హైదరాబాద్ చలికి అంత సీన్ లేదు.

– జనవరిలో సూర్యుడు 6:45 అయితే గానీ రాడు, అయినా 6:15 కల్లా అమీన్‌పూర్ చెరువు దగ్గరుండాలి, ఎండెక్కితే మంచు మొత్తం పోతుంది.

– పొగమంచులో ఆటోఫోకస్ ఎక్కడా ఆగదు, ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు ఒడ్డున నల్లగా కనబడే తుమ్మకొమ్మ మీద పట్టండి లేదంటే మాన్యువల్‌లోకి మార్చేయండి. మంచు తెల్లగా కాకుండా బూడిదరంగులో వస్తోందంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దాకా పెంచండి.

– ఎగిరే పక్షులకి షటర్ స్పీడ్ 1/1000 సెకను కంటే తగ్గనివ్వొద్దు, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే సెట్టింగ్) పెంచండి, గ్రెయిన్ (ఫొటోలో చుక్కలు) వస్తే రానీ.

– ఫ్లెమింగోలు కనబడ్డాయని నీళ్లలోకి దిగొద్దు. రాళ్లేసి లేపడం అసలే వద్దు (కొందరు చేస్తారు, చూస్తే ఒళ్లు మండుద్ది).

– ఇంటికొచ్చాక చల్లటి కెమెరాని ఇడ్లీ ఆవిరి నిండిన వంటింట్లో తెరవకండి, లెన్స్ మీద తేమ పడుతుంది, బ్యాగ్ జిప్ తీయకుండా అరగంట వదిలేసి తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాచండి, లేదంటే ఫంగస్సే. కార్డు మాత్రం బయటే తీసేసుకోండి, ఫొటోలు చూడకుండా ఎవరు ఆగుతారు!