పాట ఎత్తుకునే ముందు: బతుకమ్మ పాటను అర్థం తెలిసి పాడటం ఎలా

రెండేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు, ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే పాట ఎత్తుకున్నాను. 'కలవారి కోడలు ఉయ్యాలో, కలికి కామాక్షి ఉయ్యాలో' పాట. పదిహేను మంది దాకా తిరుగుతున్నాం, అందరూ బాగానే అందుకుంటున్నారు. ఇంతలో డీజే అబ్బాయి టైమ్ అయిపోతోందని చేత్తో సైగ చేసేసరికి నాకు టెన్షన్ వచ్చి, కోడలు బావగారిని అడిగే చోట పాట ఆపేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క బ్లాకులో ఉండే ఒక పెద్దమ్మ మాత్రం, సిద్దిపేట దిక్కు ఆవిడ, నా చేయి పట్టుకొని "గా పిల్లను తల్లిగారింటికి తోలకముందే పాట ఆపినవేంది బిడ్డా?" అంది.

చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాట అది. అందులో ఒక పిల్ల అనుమతి కోసం నిలబడి ఉందని ఆ రోజు దాకా నేను పట్టించుకోలేదు. గొంతు, రాగం, చీర అన్నీ సరిచూసుకున్నాను గానీ ఆ పిల్లను మర్చిపోయాను. బతుకమ్మకో, పెళ్లిలో పసుపు దంచేటప్పుడో ఒక జానపదం పాడాలని మీకూ ఉంటే, నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఒక్క పాట పట్టుకోండి, ఒక్కటే. దాన్ని మనిషి దగ్గర నేర్చుకోండి. ఫోన్లో దొరికే పాటలు చాలావరకు బీటుకు సరిపోయేలా కత్తిరించినవి, వాటిలో కథ సగంలో తెగిపోతుంది. అమ్మ, అత్తమ్మ, మీ గల్లీలో కూరగాయలు అమ్మే అవ్వ, వాచ్‌మన్ భార్య, ఎవరైనా సరే. 'ఒక పాట పాడవా' అని ఫోన్ ముందు పెడితే సిగ్గుపడతారు, ఒక్క ముక్క గుర్తుకు రాదంటారు. వాళ్లతో పాటు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూనో, పూలు గుచ్చుతూనో ఒక చరణం మీరే తప్పుగా పాడండి. దిద్దడానికి వాళ్లే అందుకుంటారు. రికార్డు చేసుకోవాలంటే అడిగి చేసుకోండి, ఎవరికైనా పంపేటప్పుడు కూడా మళ్లీ అడగండి.

తర్వాత చేత్తో రాసుకోండి, వాళ్లు పలికినట్టే. 'నీళ్లకు వోతే' అంటే 'వోతే' అనే రాయండి, 'పోతే' అని దిద్దొద్దు. నేను చదివిన కలవారి కోడలు పాటలో 'పుట్టినిల్లు' అని ఉంది, పెద్దమ్మ 'తల్లిగారిల్లు' అంటుంది. రెండూ రాసుకున్నాను, పాడేటప్పుడు పెద్దమ్మ మాటే పాడతాను, ఎందుకంటే ఆ తర్వాత పూర్తి పాట నాకు నేర్పింది ఆవిడ. పుస్తకాల్లోనూ వెతకాలనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి అసఫియా లైబ్రరీ ఉంది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నాం. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు గారి పుస్తకం దొరుకుతుందేమో అక్కడ అడిగి చూడండి.

ఇప్పుడు అసలు పని. రాసుకున్న కాగితం మీద ప్రతి లైను పక్కన ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అని పెన్సిల్‌తో రాయండి. కలవారి కోడలు పాటతోనే చూపిస్తాను.

'కడుగుచున్నది పప్పు కడవలో పోసి'. ఇది ఎవరి మాటా కాదు, కథ చెప్పే మనిషి మనల్ని ఆ ఇంటి పెరట్లోకి తీసుకెళ్లి చూపిస్తోంది. నేనిక్కడ చాలాసేపు ఆగాను. కలవారి ఇల్లు, అంటే ఉన్నవాళ్లు. కానీ పప్పు కడుగుతున్నది కోడలే, అదీ గిన్నెలో కాదు, కడవలో. ఎంతమందికి వండాలో ఆ ఒక్క కడవ చెప్పేస్తుంది. అప్పుడే అన్న వస్తాడు. 'కాళ్లకు నీళ్లిచ్చి కన్నీరు నింపె'. ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు కదా, మర్యాద ప్రకారం ఆ పని చేస్తూనే, ఆ వంగిన క్షణంలోనే కళ్లు నిండిపోయాయి. ఒక్క ఫిర్యాదు కూడా లేదు పాటలో. అత్త తిట్టిందనీ కొట్టిందనీ ఎక్కడా రాదు. అన్న కూడా పెద్దగా తరచి అడగడు, కన్నీళ్లు తుడుచుకో, కురులు ముడుచుకో, బిడ్డను ఎత్తుకో, అందలం ఎక్కు, అత్తమామలకు చెప్పి రా అంటాడు. అందలం అంటే పల్లకీ.

ఇక్కడి నుంచి ఆ పిల్ల గది గదికీ తిరుగుతుంది. అత్తను అడిగితే 'నేనెరుగ నేనెరుగ, మీ మామనడుగు' అంటుంది. మామ బావనడగమంటాడు, భారతం చదువుకుంటున్న ఆ బావ అక్కనడగమంటాడు, వంట చేసే అక్క, అంటే తోడికోడలు, నీ భర్తనే అడుగు అంటుంది. వద్దని ఒక్కరూ అనరు, సరే అని కూడా ఒక్కరూ అనరు. చివరికి రచ్చబండ దగ్గరున్న భర్త, సొమ్ములు పెట్టుకో, చీర కట్టుకో, పోయి రా అంటాడు. ఒక ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింటికి పోవాలంటే ఎన్ని గడపలు దాటాలో ఆ పాట లెక్కబెట్టి చూపిస్తుంది, అందుకే ఒక్క గడప కూడా మనం తీసెయ్యకూడదు. పెళ్లయిన ఆడబిడ్డలు తల్లిగారింటికి వచ్చే పండుగ బతుకమ్మ. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఈ పాట పాడేవాళ్లలో చాలామంది అలా అడిగి వచ్చినవాళ్లే.

ఇది తెలిశాక గొంతు దానంతటదే మారుతుంది. 'నేనెరుగ' అనే మాటకు ప్రతిసారీ కొత్త హావభావం పెట్టి నటించాల్సిన పని లేదు, అది నాటకంలా అయిపోతుంది. రాగం ఒకటే, వేగం ఒకటే, ఆ ఒకే రకంగా తిరిగి రావడంలోనే బరువుంది. నేను చేసేదల్లా కన్నీటి లైనుకు ముందు ఒక్క చప్పట్టు దాకా ఆగడం, భర్త సరే అన్న చోట కొంచెం గొంతు విప్పడం.

అన్ని పాటలూ ఏడిపించేవే అనుకోకండి. పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకు 'చిత్తూ చిత్తుల బొమ్మ' మంచిది. 'రాగి బిందె తీసుక రమణి నీళ్లకు వోతే రాములోరెదురాయెనమ్మో'. తర్వాత వెండి బిందె, వెలది, వెంకటేశుడు. ముత్యాల బిందె, ముదిత, ముద్దుకృష్ణుడు. బిందె, ఆడమనిషి, దేవుడు మూడింటికీ మొదటి అక్షరం కలుస్తుంది. ఒకటి గుర్తుంటే మిగతా రెండూ వాటంతటవే వచ్చేస్తాయి, చదువు రాని అవ్వలు చరణాల మీద చరణాలు మర్చిపోకుండా పాడింది ఇలాగే. పిల్లలకు ఈ కిటుకు చెప్పి, పగడాల బిందెకు ఏ దేవుడు వస్తాడో వాళ్లనే కనుక్కోమనండి. మా పాప పరమేశుడని ఠక్కున చెప్పింది.

శ్రుతి సంగతి. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే లైను ముందు పాడి చూసుకోండి, అది హాయిగా వచ్చే ఎత్తులో మొదలుపెట్టండి. మీకు హాయిగా ఉన్నంత మాత్రాన చాలదు, అందుకునేవాళ్లకీ అందాలి, కాబట్టి ఇంకో మెట్టు దించండి. ముందు పాడేవాళ్లు చేసే పెద్ద తప్పు ఉత్సాహంలో పైకి ఎత్తుకోవడం, నాలుగో చరణానికి వెనకాల వాళ్లంతా గొంతు మూసుకుంటారు. వంత పూర్తయ్యాకే తర్వాతి లైను ఎత్తుకోండి, ఆ ఖాళీలోనే మీరు ఊపిరి తీసుకోవాలి.

అడుగు, వంగడం, చప్పట్టు మూడూ కలిపి పాట లేకుండా పది నిమిషాలు తిరగండి. కాళ్లకు అలవాటైతే మనసు మాట మీద నిలుస్తుంది. డప్పు ఉంటే మరీ మంచిది, కానీ అది వచ్చినవాళ్లనే పిలవండి, మంట దగ్గర చర్మం కాచుకుని బిగించుకోవడానికి వాళ్లకు చోటూ టైమూ ఇవ్వండి, డబ్బులు ముందే మాట్లాడి చేతిలో పెట్టండి. వాళ్ల వాయిద్యం లేకుంటే మన బోనాల ఊరేగింపే లేదు, పండుగయ్యాక వాళ్లను బతిమాలించుకోవడం నాకు నచ్చదు. పాట ఎత్తుకునేవాళ్లకు మైకు ఒక్కటి చాలు, నోటికి జానెడు దూరంలో. సెల్లార్‌లో గోడలకు కొట్టి మాట కలిసిపోతుంది కాబట్టి సౌండు తగ్గించి వేగం ఇంకాస్త దించండి. టైమ్ ఎంత పడుతుందో కమిటీ వాళ్లకు ముందే చెప్పండి. నా పాట నిదానంగా పాడితే ఎనిమిది నిమిషాలు. అంత ఇవ్వలేమంటే చిన్న పాట ఎంచుకుంటాను గానీ ఇది తెంపను.

పాట అయ్యాక సత్తుపిండి, మలీద పంచుకునేటప్పుడు ఒక పావుగంట కూర్చోండి. అర్థం మీరే ఉపన్యాసంలా చెప్పొద్దు, ఒక్క ప్రశ్న వెయ్యండి. పోయినసారి నేను 'మీరు తల్లిగారింటికి పోవాలంటే ఎవరిని అడగాలి?' అన్నాను. మూడో అంతస్తు అమ్మాయి, సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తుంది, 'మేనేజర్‌ని' అంది. తర్వాత కాసేపాగి, 'ఆయనా పైవాళ్లను అడగాలి అంటాడు' అంది. అక్కడి నుంచి మాటలు ఆగలేదు. ఒకావిడకు ఇదే పాట వేరే వరసలో వచ్చు, నల్గొండలో వాళ్లమ్మ అలా పాడేదట. దాన్నీ రాసుకున్నాను, పైన ఊరి పేరు, తేదీ, ఎవరి నుంచి విన్నానో వేసి. వచ్చే బతుకమ్మకు ఆ వరస ఆవిడే ఎత్తుకుంటానంది, నేను వంత పాడతాను.