వీల్‌చైర్ తోయడం కష్టంగా ఉందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వీల్‌చైర్ కదలకపోతే చాలామంది నెపం కూర్చున్న మనిషి బరువు మీదకి నెట్టేస్తారు. అది వినే మనిషికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా అది చాలాసార్లు నిజం కూడా కాదు. కండిషన్‌లో ఉన్న కుర్చీ నున్నటి నేల మీద బరువైన మనిషితో కూడా తేలిగ్గానే దొర్లుతుంది. దొర్లడం లేదంటే ఎక్కడో ఏదో పట్టేస్తోంది, లేదా బరువు పడకూడని చోట పడుతోంది.

ముందు చిన్న పరీక్ష. ఖాళీ కుర్చీని చదునైన నేల మీద ఒక్క తోపు తోసి వదిలేయండి. తిన్నగా కొంత దూరం పోయి మెల్లగా ఆగిందా? అయితే చక్రాలు బాగున్నట్టే. కూర్చునే తీరులోనో, హ్యాండిల్ ఎత్తులోనో, దారిలోనో వెతకాలి. గబుక్కున ఆగినా, పక్కకి తిరిగినా తేడా కుర్చీలోనే ఉంది.

ఎప్పుడు తోసినా బరువుగానే ఉంటోంది

మొదట గాలి చూడండి. ట్యూబు టైర్లయితే ఎంత గాలి పట్టాలో టైరు పక్కగోడ మీద పీఎస్‌ఐలో (గాలి ఒత్తిడి కొలత) రాసి ఉంటుంది. కుర్చీ కుర్చీకీ ఈ అంకె మారుతుంది, అందుకే అందాజాగా కొట్టకండి. గాలి తగ్గిన టైరు నేలకి అతుక్కుపోయినట్టు నడుస్తుంది. దాంతోపాటు ఇంకో ప్రమాదం ఉంది. బ్రేకు టైరును నొక్కి ఆపే రకమైతే, మెత్తబడిన టైరు మీద అది సరిగా పట్టదు. బ్రేకు వేసి ఉన్నా కుర్చీ జారుతోందంటే, బ్రేకు విప్పే ముందు గాలి చూడాలి.

తర్వాత ముందున్న చిన్న చక్రాలు. ఇక్కడే అసలు దొంగ దొరుకుతాడు. మనిషిని దింపి, కుర్చీని వెనక్కి పడుకోబెట్టి, చక్రం ఫోర్కులో (దాన్ని రెండు పక్కలా పట్టుకునే చీలిక కడ్డీ) కూర్చునే సందులోకి తొంగి చూడండి. వెంట్రుకలు, దారప్పోగులు, తివాచీ పీచు కలిసి బిళ్లలా బిగుసుకుని ఉంటాయి. పైపైన ఉంటే పట్టకారుతో లాగేయొచ్చు. లోపలికి దిగి ఉంటే ఇరుసు బోల్టు విప్పి తీయాలి. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి, వాషర్లు ఏ వైపు ఎన్ని ఉన్నాయో తర్వాత గుర్తుండదు. శుభ్రం చేశాక కూడా చక్రం తిప్పితే గరగరమంటోందంటే బేరింగు పోయినట్టే, మార్చాల్సిందే. చాలామంది చేసే పని పల్చటి స్ప్రే నూనె కొట్టడం. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత లోపలున్న గ్రీజును కూడా కరిగించుకుపోతుంది.

బ్రేకు వదిలినప్పుడు కూడా టైరుకి రాసుకుంటోందేమో చూడండి. రాసుకుంటుంటే అలెన్ కీతో (ఆరు పలకల వంపు కడ్డీ) బ్రేకు బోల్టు వదులు చేసి కాస్త వెనక్కి జరిపి బిగించండి. బ్రేకు వేసినప్పుడు మళ్లీ గట్టిగా పట్టాలి సుమా.

ఖాళీగా బాగానే ఉంది, మనిషి కూర్చోగానే మొరాయిస్తోంది

బరువంతా ముందు చక్రాల మీద పడుతోంది. చిన్న చక్రం ప్రతి చిన్న గతుకులోకీ దిగుతుంది. దాని మీద ఎంత భారం పడితే అంత గట్టిగా తోయాలి. పెద్ద చక్రాలకి ఆ బాధ తక్కువ.

దీనికి మామూలు కారణం మనిషి ముందుకి జారి కూర్చోవడం. సీటు గుడ్డ సాగి గుంట పడినా, ఫుట్‌రెస్టుల ఎత్తు కుదరకపోయినా అలాగే జారతారు. నడుం పూర్తిగా వెనక్కి ఆనేలా కూర్చోబెట్టి మళ్లీ తోసి చూడండి. తేడా చేతులకే తెలుస్తుంది. పదే పదే జారుతుంటే కుషన్ గురించి ఫిజియోథెరపిస్టుని అడగడం మంచిది.

కొన్ని కుర్చీల్లో వెనక ఇరుసును ముందుకి జరిపే వీలుంటుంది. జరిపితే కుర్చీ బాగా తేలికవుతుంది, కానీ వెనక్కి పడిపోయే గుణం కూడా వస్తుంది. తెలిసినవాళ్ల చేత చేయించి, వెనక్కి పడకుండా ఆపే బుడ్డ చక్రాలు పెట్టించుకోండి. బ్రేకులు కూడా మళ్లీ సర్దాలి. హ్యాండిళ్లకి బరువైన సంచులు తగిలిస్తే ముందు తేలికైనట్టే ఉంటుంది గానీ, మనిషి లేవగానే కుర్చీ వెల్లకిలా పడుతుంది. సామాను సీటు కింద పెట్టుకోండి.

ఒక పక్కకే లాగుతోంది

రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా, ఒక బ్రేకే రాసుకుంటోందా, మనిషి ఒక వైపు ఒరిగారా చూడండి. నాలుగు చక్రాలూ నేలకి ఆనుతున్నాయా? మడత కుర్చీ అయితే సీటు కడ్డీలు కిందికంటా దిగాయో లేదో అరచేత్తో నొక్కి చూడండి, వేళ్లు మాత్రం జాగ్రత్త. అన్నీ బాగుంటే రోడ్డే పక్కకి వాలి ఉంటుంది.

వేగం పెరిగితే ముందు చక్రాలు గజగజ వణుకుతున్నాయి

ఫోర్కు పైనున్న నట్టు వదులైంది. వణుకు ఆగేదాకా కొంచెం కొంచెంగా బిగించండి. మరీ బిగిస్తే మలుపు తిరగదు.

తోసేవాళ్లకి నడుం, మణికట్లు లాగేస్తున్నాయి

హ్యాండిల్ నడుముకీ మోచేతికీ మధ్య ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే వంగి తోస్తాం, ఆ రోజే నడుం చెప్పేస్తుంది. ఎత్తు మార్చుకునే హ్యాండిళ్లు, బిగించుకునే పొడిగింపులు దొరుకుతాయి. ఇంట్లో పొడుగు పొట్టి ఇద్దరు తోస్తుంటే ఆ ఖర్చు దండగ కాదు. రబ్బరు గ్రిప్పులు చేతికి ఊడొస్తుంటే మాత్రం బాగుచేసేదాకా ఏ వాలు మీదకీ వెళ్లకండి.

గడపలు, మెట్టంచులు, గులకరాళ్ల దగ్గర ఆగిపోతోంది

ఇది బలంతో తేలే పని కాదు. వెనక కింద పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది. "వెనక్కి వంచుతున్నా" అని చెప్పి, దాన్ని కాలితో నొక్కుతూ హ్యాండిళ్లు వెనక్కి లాగండి. ముందు చక్రాలు లేస్తాయి. వాటిని పైన ఆనించి, పెద్ద చక్రాలు అంచుకి తగిలాక తోయండి. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, పెద్ద చక్రాలతో ముందు దిగాలి. నిలువు వాలు దిగేటప్పుడు కూడా అంతే. పగుళ్లని, పట్టాలని ఏటవాలుగా దాటితే చిన్న చక్రం అందులోకి తిరిగి ఇరుక్కుంటుంది, తిన్నగా దాటండి. ఇసుకలో, కంకరలో కుర్చీని తిప్పి వెనక్కి లాక్కుపోవడమే సులువు.

ర్యాంప్ కట్టించేవాళ్లు 1:12 వాలు మించనివ్వకండి. అంటే 30 సెంటీమీటర్ల ఎత్తుకి 3.6 మీటర్ల పొడవు.

రోజూ పెద్ద వాలులు ఎక్కాల్సినవాళ్లకి, కుర్చీకి బిగించుకుంటే తోయడానికి తోడ్పడే మోటార్లు ఉన్నాయి. కొనే ముందు మీ కుర్చీ ఫ్రేముకి అది బిగుస్తుందో లేదో, కారులోకి ఎత్తేటప్పుడు దాని బరువు మీరు మోయగలరో లేదో చూసుకోండి.