ఎమ్మా అని పేరు పెడదామనుకుంటున్నారా? అర్థం, పాపులారిటీ ఇలా చూసుకోండి

మా అక్క కూతురు డల్లాస్‌లో ఉంటుంది, ఏడో నెల వచ్చాక ఒకరోజు ఫోన్ చేసి పిన్నీ, పాప పుడితే ఎమ్మా అని పెడదామనుకుంటున్నాం ఎలా ఉంది అని అడిగింది. అల్లుడు వాళ్ళది గుంటూరు వైపు లూథరన్ క్రైస్తవ ఫ్యామిలీ, మాది నక్షత్రం చూసి బారసాల చేసే ఇల్లు, అటు స్కూల్లో టీచర్ నోరు తిరగాలి ఇటు మా అక్క నోరు తిరగాలి. ఇంక నేను రెండు వారాలు ఈ పేరు మీదే కూర్చున్నా. అందులో తెలిసింది రాస్తున్నా, మీరు చూసే పేరు వేరే అయినా పద్ధతి ఇదే.

ముందు అర్థం సంగతి. ఫోన్‌లో వెతికితే ఒక చోట "యూనివర్సల్" అని, ఇంకో చోట దాది అని, ఇలా ఒక్కో లైన్ వస్తుంది, అది చూసి డిసైడ్ అయిపోవద్దండి. పేరు ఏ ముక్క నుంచి వచ్చిందో పట్టుకోవాలి. పాత జర్మన్ పేర్లు చాలావరకు మన సమాసాల్లాగా రెండు ముక్కలు కలిపి చేసినవి. మెటిల్డాలో మొదటి ముక్క బలం, రెండోది యుద్ధం. గెర్ట్రూడ్‌లో మొదటిది ఈటె, రెండోది బలం. మరి ఎమ్మాలో రెండు ముక్కలు ఎందుకు కనపడవంటే అది అసలు ముద్దుపేరు, ఎర్మెన్‌గార్డ్, ఎర్మెన్‌ట్రూడ్ లాంటి పొడుగు పేర్లని ఇంట్లో కుదించి పిలిస్తే ఎమ్మా అయింది, మనం వెంకట సుబ్బలక్ష్మిని సుబ్బులు అన్నట్టే. ఆ ఎర్మెన్ అనే ముక్కకి, దాన్నే ఇర్మిన్ అని కూడా అంటారు, అర్థం మొత్తం, సమస్తం, అంతా నిండింది అని.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయా. మొత్తం, సమస్తం అంటే మన అఖిల కదా! అక్క మొదట్నుంచీ అఖిల అనే పేరే అడుగుతోంది. అందుకే చెప్తున్నా, అర్థం ఇంగ్లీషు మాటతో వదిలేయకండి, దాన్ని తెలుగులోకి తెచ్చుకుని చూడండి, అప్పుడే ఆ పేరు మనదా కాదా తెలుస్తుంది. యూనివర్సల్ అంటే మా అక్కకి ఏమీ అనిపించలేదు, అఖిల అనగానే మొహం వెలిగిపోయింది.

ఇక్కడ మూడు చోట్ల తప్పులో పడతారు. జర్మన్‌లో అమ్మె అంటే పాలిచ్చే దాది, అది వేరే మాట, వినడానికి దగ్గరగా ఉందని ఎమ్మాకి ఆ అర్థం తగిలించొద్దు. ఎమిలీ వింటే ఎమ్మాకి చెల్లెలి పేరులా ఉంటుంది గానీ అది రోమన్ల ఎమీలియుస్ వంశం నుంచి వచ్చిన లాటిన్ పేరు. (నటి ఎమ్మా స్టోన్ అసలు పేరు ఎమిలీనే, అందుకే జనం రెండూ ఒకటే అనుకుంటారేమో.) మూడోది మా వియ్యపురాలి గారి మాట, ఇమ్మానుయేలు నుంచి వచ్చింది కదమ్మా అన్నారు ఎంతో సంతోషంగా. ఇమ్మానుయేలు హీబ్రూ మాట, దేవుడు మనకు తోడు అని అర్థం, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆవిడకి ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు కానీ చెప్పాలి, రేపు పాప పెద్దయ్యాక అడిగితే సరైన అర్థమే ఇంట్లో ఉండాలి కదా. దానికి బదులు ఆస్ట్రియాలో గుర్క్ అనే ఊళ్ళో పునీత హెమ్మా ఉన్నారని చెప్పా, అది ఇదే పేరు ముందు హ చేరింది అంతే, 1045లో చనిపోయారు, 1938లో పునీతురాలిగా ప్రకటించారు. ఆవిడ వెంటనే రాసుకున్నారు.

తర్వాత ఆ పేరు ఇంతకుముందు ఎవరు పెట్టుకున్నారో కూడా చూడండి. నార్మండీ ఎమ్మా (నార్మండీ ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం) 1002లో ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్‌ని చేసుకుంది, ఆయన పోయాక డెన్మార్క్ వాడు క్నూట్ రాజైతే అతన్నీ చేసుకుని మళ్ళీ రాణి అయింది, ఆమె కొడుకులు ఇద్దరు కూడా రాజులయ్యారు, ఒక్కో పెళ్లి నుంచి ఒకరు. తర్వాత 1066లో ఆ నార్మండీ వాళ్ళే, అంటే నార్మన్లు, ఇంగ్లండ్ గెలిచాక ఈ పేరు అక్కడ బాగా పాకింది.

మనకి ఇంకా దగ్గర మనిషి ఒకావిడ ఉంది, ఒంగోలు ఎమ్మా. ఎమ్మా రౌషెన్‌బుష్ అని, జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన పాస్టర్ కూతురు, బాప్టిస్ట్ మిషన్ తరఫున మన తెలుగు దేశం వచ్చింది. ఒంగోలు జాన్ క్లౌ దొర తెలుసు కదా, 1870ల కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన ఆయన, ఆయన్ని తర్వాత పెళ్లి చేసుకుంది. ఇక్కడి మాదిగ కుటుంబాల దగ్గర విన్న కథలతో 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసింది. అంటే ఈ జర్మన్ పేరుని నూటపాతికేళ్ళ కిందే మన ప్రకాశం జిల్లా ఊళ్ళలో జనం పలికారన్నమాట, కొత్తగా దిగిన పేరేం కాదు.

ఇక పాపులారిటీ. చాలామంది ఇక్కడ ర్యాంకు చూసి భయపడిపోతారు, మా పిల్ల కూడా పిన్నీ అమెరికాలో ఇది నంబర్ వన్ అంట, క్లాసులో నలుగురు ఎమ్మాలు ఉంటారేమో అంది. అలా కాదు, లెక్క చూడాలి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్ళు ఏటా మే నెలలో మదర్స్ డే టైమ్‌కి లిస్టు పెడతారు, 1880 నుంచి ప్రతి సంవత్సరం ఏ పేరు ఎంతమందికి పెట్టారో అందులో ఉంటుంది, ఐదుగురి కంటే తక్కువ ఉన్న పేర్లు మాత్రం వెయ్యరు. 1880లో ఎమ్మా మూడో ర్యాంకు, ఆ లిస్టులో ఉన్న ఆడపిల్లల్లో సుమారు 2 శాతం. తర్వాత పడిపోతూ 1970ల్లో 400 కిందకి వెళ్ళింది. మళ్ళీ లేచి 2008లో మొదటి స్థానం, 2014 నుంచి 2018 దాకా వరసగా ఐదేళ్ళు మొదటి స్థానం, 2019లో ఒలీవియా వచ్చి దాన్ని రెండోదానికి నెట్టింది. ఇప్పుడు అసలు పాయింట్ చూడండి, 2018లో నంబర్ వన్ అయినప్పుడు ఎమ్మాలు దాదాపు 18,700 మంది, అంటే వందమంది ఆడపిల్లల్లో ఒక్కరు. మూడో ర్యాంకులో ఉన్నప్పుడు ఇద్దరు, మొదటి ర్యాంకులో ఒక్కరు! ఎందుకంటే ఇప్పుడు జనం రకరకాల పేర్లు పెడుతున్నారు. కాబట్టి ర్యాంకు వదిలేసి శాతం చూడండి. పాతికమంది ఉన్న క్లాసులో ఆడపిల్లలు పన్నెండు మంది అనుకుంటే ఇంకో ఎమ్మా ఉండే ఛాన్స్ తక్కువే.

ఇంకొకటి, ఆ లిస్టులో ఒక్కో స్పెల్లింగ్‌ని విడివిడిగా లెక్కేస్తారు, ఒక ఎం ఉన్న ఎమా వేరే, రెండు ఎంలు ఉన్న ఎమ్మా వేరే. పైగా మొదటి పేరే లెక్క, మిడిల్ నేమ్ లెక్కలోకి రాదు. జర్మనీలో పద్ధతి ఇంకోలా ఉంటుంది, అక్కడ వీస్‌బాడెన్‌లో జర్మన్ భాషా సంఘం వాళ్ళు 1977 నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర తీసుకుని లిస్టు వేస్తారు, ఒకటే పలికే స్పెల్లింగులు కలిపేస్తారు, మొదటి పేర్ల లిస్టుతో పాటు రెండో పేర్లు కలిపిన లిస్టు కూడా ఉంటుంది. రెండు దేశాల ర్యాంకులు పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఇది గుర్తుంచుకోండి.

పేరుకి వయసు కూడా ఉంటుందండీ. ఇంగ్లండ్‌లో 1970లు, 80ల్లో ఎమ్మా టాప్ టెన్‌లో ఉంది, అక్కడ ఆఫీసులో ఎమ్మా అంటే నలభై దాటిన మేడమ్ గుర్తొస్తుంది. జర్మనీలో 1900 ప్రాంతంలో ఫుల్ ఫ్యాషన్, తర్వాత ముసలమ్మల పేరైపోయింది, మళ్ళీ 2010ల్లో పసిపిల్లల పేరుగా పైకి వచ్చింది. అక్కడ వీధి చివర కిరాణా కొట్టుని టాంటె ఎమ్మా లాడెన్ అంటారు, అంటే ఎమ్మా అత్త కొట్టు. పప్పు, ఉప్పు, చాక్లెట్టు అన్నీ దొరికి, ఇంటి సంగతులు అడిగే అత్త అన్నమాట. నాకైతే ఈ ఒక్క మాటతో ఆ పేరు మీద బోలెడు ప్రేమ వచ్చేసింది. మీ పాప పెరిగే దేశంలో ఆ పేరు ఏ వయసుదో అక్కడివాళ్ళనే అడగండి.

లెక్కలన్నీ అయ్యాక ఇంట్లో గట్టిగా పిలిచి చూడాలి, ఇది తప్పకుండా చెయ్యండి. మా అక్క వీధి గుమ్మంలో నిలబడి "ఎమ్మా... ఎమ్మా..." అని పిలిచింది, పక్కింటి అమ్మాయి చేతిలో గరిటె అలాగే పట్టుకుని "ఏంటాంటీ, పిలిచారా" అంటూ వచ్చేసింది. మరి మనం ఆడపిల్లని "ఏమ్మా, తిన్నావా" అని పిలవడం మామూలే కదా, తెలుగు ఇంట్లో ఆ పిలుపు అందరిదీ. మా పిల్లకి ఇది ఇబ్బంది అనిపించింది, అక్క మాత్రం నేను ఎలాగూ మనవరాల్ని అలాగే పిలుస్తా, పేరు కూడా అదే అయితే ఇంకేం కావాలి అంది. నాకూ అదే కరెక్ట్ అనిపిస్తోంది. నక్షత్రం చూసేవాళ్ళకి, 'ఏ' అనే అక్షరం కృత్తిక నాలుగో పాదానికి వస్తుంది, వేరే నక్షత్రం అయితే ఆ అక్షరంతో రెండో పేరు పెట్టుకోవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సింది టైమ్. మన బారసాల ఇరవై ఒకటో రోజు, అక్కడ బర్త్ సర్టిఫికెట్ ఫారం మాత్రం హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేలోపే చేతిలో పెడతారు, ఆ నిద్రలేని కళ్ళతో స్పెల్లింగ్ తప్పు రాస్తే తర్వాత పాస్‌పోర్ట్ దగ్గర తిప్పలు. అందుకే ఎనిమిదో నెలలోనే తేల్చేసి, ఫారంలో ఎలా రాయాలో ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా కాగితం మీద రాసి హాస్పిటల్ బ్యాగ్‌లో పెట్టుకోండి. మావాళ్ళు మొదటి పేరు ఎమ్మా, మిడిల్ నేమ్ అఖిల అని రాసుకున్నారు. బారసాల కార్డు ప్రింటుకి ఇచ్చేటప్పుడు తెలుగులో చివర దీర్ఘం ఉందో లేదో మాత్రం ప్రూఫ్ తెప్పించుకుని చూడండి, మా కార్డు మొదటి ప్రూఫ్‌లో "ఎమ్మ" అనే వచ్చింది.