ఫ్యాన్ ఆపి మొదలుపెట్టండి: స్కైడైవింగ్ పారాచూట్ ప్యాక్ చేయడం ఎలా?

నేవీ డే విన్యాసాలప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో జనమంతా తలలు పైకెత్తే ఉంటారు. స్కైడైవర్లు ఒక్కొక్కరే ఇసుకలో దిగుతుంటే ఈలలు, చప్పట్లు. దిగినవాళ్ళు ఆ గుడ్డని చేతులకి చుట్టుకుని పక్కకి తప్పుకున్నాక మాత్రం ఎవరూ అటు చూడరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. రెండొందల పైచిలుకు చదరపు అడుగుల నైలాన్ గుడ్డ స్కూలు బ్యాగంత సంచిలోకి వెళ్ళాలి. మళ్ళీ దూకినప్పుడు ఆ సంచిలోంచి వరస తప్పకుండా బయటికి రావాలి.

దూకాలంటే మనవాళ్ళు హర్యానాలోని నార్నాల్‌కో, థాయ్‌లాండ్‌కో ప్రయాణం కట్టాల్సిందే. ప్యాకింగ్ ప్రాక్టీసుకి మాత్రం విమానం అక్కర్లేదు. దూకడానికి ఇక పనికిరాదని పక్కన పడేసిన పాత పారాచూట్ ఒకటి నాకు దొరికింది. ఎంవీపీ కాలనీలో మా ఇంటి హాల్లో దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి నేర్చుకున్నాను. మొదటిసారి గంటన్నర పట్టింది. చేయి తిరిగినవాళ్ళు పది పదిహేను నిమిషాల్లో కానిచ్చేస్తారు.

రెండు మాటలు ముందే చెప్పేస్తాను. వీపుకి తగిలించుకునే సంచీ పట్టీలూ కలిపి రిగ్ అంటారు. అందులో రెండు పారాచూట్లు ఉంటాయి: మామూలుగా తెరిచే మెయిన్, అది పని చేయకపోతే ఆదుకునే రిజర్వ్. మనం మడిచేది మెయిన్ ఒక్కటే. రిజర్వ్ జోలికి అస్సలు పోకూడదు, అది లైసెన్సున్న రిగ్గర్ (పారాచూట్లు ప్యాక్ చేసి బాగుచేసే నిపుణుడు) పని. అమెరికా నిబంధనల ప్రకారం ఆ రిగ్గర్ కూడా దాన్ని 180 రోజులకోసారి విప్పి, చూసి, మళ్ళీ ప్యాక్ చేయాలి. రెండో మాట: ఇది చదివి మడిచిన పారాచూట్‌తో దూకొద్దు. దూకే రోజున ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి ప్రతి మెట్టూ చూడాల్సిందే.

చోటు

రిగ్గూ తాళ్ళూ గుడ్డా బారుగా పరుచుకునేంత పొడవున్న శుభ్రమైన గచ్చు చాలు. టెర్రస్ మీద బోలెడు చోటుంది కదా అని ఆశపడకండి, ఎండ తగిలేకొద్దీ నైలాన్ బలం తగ్గిపోతుంది. బీచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇసుక రింగుల్లో దూరుతుంది, గుడ్డని గీకేస్తుంది. ఒకవేళ సముద్రపు నీళ్ళు తగిలితే మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టాలి. రిజర్వ్ తడిసిందంటే సరాసరి రిగ్గర్ దగ్గరికే.

ఇక ఫ్యాన్. మే నెల విశాఖలో ఫ్యాన్ ఆపమనడం ఎంత పాపమో నాకూ తెలుసు. కానీ తిరిగే ఫ్యాన్ కింద ఈ గుడ్డ ఒక్క క్షణం నిలవదు. కిటికీలు కూడా మూసేయండి, సముద్రం గాలి ఇంకా అల్లరి పెడుతుంది. పక్కన తువ్వాలు పెట్టుకోండి, చెమట గుడ్డ మీద పడకూడదు.

బ్రేకులు, పైలట్ చూట్

రిగ్‌ని వీపుకి ఆనే వైపు నేలకి ఉండేలా పరిచి, కదలకుండా దేనికైనా కట్టండి. నాకు సోఫా కాలు పనికొచ్చింది. గుడ్డని రిగ్‌కి కలిపే తాళ్ళే లైన్లు. వాటిలో పారాచూట్‌ని తిప్పడానికి, ఆపడానికి వాడే స్టీరింగ్ లైన్లని గుర్తున్న చోటిదాకా కిందికి లాగి, ఆ లైన్‌లో ఉన్న చిన్న కంతలోంచి టాగుల్ (చేత్తో పట్టుకునే పిడి) మొన దూర్చండి. మిగిలిన లైన్‌ని దాని చోట్లో సర్దండి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక బ్రేకు మధ్యలో ఊడితే పారాచూట్ తెరుచుకుంటూనే ఒక పక్కకి తిరిగిపోతుంది.

తర్వాత పైలట్ చూట్. గాలిలోకి ముందు విసిరే చిన్న గొడుగు ఇదే. ఇది గాలి పట్టి లాగితేనే పెద్దది బయటికొస్తుంది. పెద్దది తెరుచుకున్నాక ఇది అడ్డం కాకుండా, లోపలున్న ఒక తాడు దీన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. కాబట్టి ప్యాక్ చేసిన ప్రతిసారీ ఆ తాడుని లాగి మళ్ళీ సిద్ధం చేయాలి. చేశామో లేదో చెప్పడానికి బ్రైడిల్ (పైలట్ చూట్‌ని పెద్దదానికి కలిపే పట్టీ) మీద చిన్న కిటికీ ఉంటుంది, అందులో రంగు కనబడాలి.

నేను ఒకసారి ఇది మరిచిపోయాను. మడత చక్కగా వచ్చిందన్న మురిపెంలో రిగ్ మూసేసి, ఫొటో కూడా తీసుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. కిటికీని వేలితో చూపించి ఊరుకున్నాడు. రంగు లేదు. అలాగే దూకి ఉంటే పైలట్ చూట్ చిరుగుడ్డలా వెనక వేలాడేది, నేను గంటకి సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి పడుతూ రిజర్వ్ హ్యాండిల్ వెతుక్కునేవాణ్ణి. మొత్తం విప్పించాడు.

లైన్లు

రైజర్ల (రిగ్ భుజాల నుంచి లైన్ల దాకా ఉండే పట్టీలు) దగ్గర నిలబడి కుడి లైన్లు కుడి చేతి వేళ్ళ మధ్య, ఎడమవి ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టుకుని గుడ్డ వైపు నడవండి. లైన్ల మీద జారే స్లైడర్ అనే గుడ్డ ముక్క కూడా మీతోపాటు పైకి వెళ్తుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఎక్కడైనా చిక్కు పడితే లాగొద్దు, ఆగండి. రిగ్ లైన్ల మధ్యలోంచి ఒకసారి దూరిపోయి ఉండొచ్చు. వచ్చిన దారినే వెనక్కి తీస్తే విడిపోతుంది.

పైకి చేరాక గుడ్డని భుజాన వేసుకోండి. గాలి దూరే ముందు వైపు మీ మోకాళ్ళకి ఆనుతుంది. ఏడో తొమ్మిదో గదుల నోళ్ళు ఉంటాయి. ఒక్కొక్కటీ లెక్కబెడుతూ బయటికి తీసి మోకాళ్ళ మధ్య పట్టండి. తర్వాత లైన్ల వరసల మధ్య గుడ్డని మడతలు మడతలుగా పక్కలకి లాగాలి. చీర కుచ్చిళ్ళు పెట్టడం వస్తే సగం పని వచ్చినట్టే. లైన్లన్నీ నడిమధ్యలో, గుడ్డంతా బయటి వైపు. నేను కొంగులా భుజాన వేసుకుని నిలబడి ఉండగా విజయనగరం నుంచి వచ్చిన మా మేనత్త గుమ్మంలోంచి చూసి, "ఏట్రా ఇది, పందిరేస్తన్నావా?" అంది. నవ్వితే వేళ్ళ మధ్య మడతలు జారిపోతాయి, నవ్వకండి.

ఇప్పుడు స్లైడర్. నాలుగు మూలలా నాలుగు రింగులున్న గుడ్డ ముక్క ఇది. గుడ్డ ఒక్కసారిగా విచ్చుకోకుండా అడ్డుపడి, నెమ్మదిగా కిందికి దిగుతుంది. నాలుగు రింగులూ పైన ఆగే చోటికి తగిలేలా నెట్టి, గుడ్డని లైన్ల మధ్య నాలుగు భాగాలుగా సమంగా సర్దండి. ఇది కిందికి జారి ఉంటే పారాచూట్ ధడేల్మని తెరుచుకుంటుంది, మెడా నడుమూ పట్టేసే దెబ్బ అది. నా లెక్కలో మొత్తం ప్యాకింగ్‌లో పదే పదే చూసుకోవాల్సింది ఇదే. మడత వంకరగా వచ్చినా పారాచూట్ సాధారణంగా తెరుచుకుంటుంది. లైన్లూ స్లైడరూ తప్పితే ఎంత అందంగా మడిచినా ఉపయోగం లేదు.

గాలితో కుస్తీ

వెనక అంచు మధ్య భాగాన్ని స్లైడర్ ఎత్తులో పట్టుకుని, రెండు పక్కలనీ చుట్టూ తిప్పి బొంతలా చుట్టండి. లైన్లు బిగువుగా ఉంచుతూ మెల్లగా నేల మీద పడుకోబెట్టండి. కొత్తవాళ్ళు ఏడ్చేది ఇక్కడే. గాలి చొరని గుడ్డ కదా, లోపలి గాలి కుట్లలోంచే పోవాలి. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది. తొందరపడకుండా దాని మీద బోర్లా పడుకుని, బరువంతా వేసి, కాసేపు ఊరుకోండి. బ్యాగ్ (రిగ్ లోపల పెట్టే చిన్న సంచి) వెడల్పుకి సరిపడా అయ్యాక పాములా మెలికగా మడిచి, మోకాళ్ళతో అదిమిపట్టి బ్యాగ్‌లోకి దూర్చండి. మోకాలు లేచిందా, మళ్ళీ మొదటికే.

మూయడం

బ్యాగ్ నోటిని మూసే రబ్బరు బ్యాండ్లలోకి ముందుగా లైన్లు దూర్చాలి. ఒక్కో మెలిక రెండు మూడు అంగుళాలు, అన్నీ సమంగా. అరిగిన బ్యాండ్ కనబడితే మార్చేయండి. చివర్లో రైజర్ల వైపు ఒకటిన్నర అడుగుకి అటూ ఇటూగా లైన్ వదలాలి, మీ రిగ్ మాన్యువల్‌లో ఎంత రాస్తే అంత. బ్యాగ్‌ని రిగ్‌లో ఏ వైపు తిప్పి పెట్టాలో, రిగ్ మూత రెక్కల్లో ఏది ముందు మూయాలో కూడా మాన్యువల్‌దే తుది మాట, కంపెనీని బట్టి మారుతుంది. రెక్కలన్నిటినీ కలిపి పట్టే తాడు ఉచ్చు (లూప్) లోంచి పిన్ దూర్చాక, ఆ లూప్‌ని పైకి లాగడానికి వాడిన పుల్-అప్ కార్డ్ అనే తాడుని పిన్ కిందుగా మెల్లగా తీయండి. విసురుగా లాగితే ఆ రాపిడికి లూప్ కాలుతుంది. తీయడం మరిచిపోవడం అంతకంటే ప్రమాదం.

పైలట్ చూట్‌ని మడిచి రిగ్ అడుగున ఉన్న జేబులో పెట్టేశాక, ఇంట్లో ప్రాక్టీసైతే ఇంకో పని ఉంది. దాన్ని పట్టుకుని లాగండి. పిన్ ఊడిందా, బ్యాగ్ లేచిందా, లైన్లు ఒక్కో బ్యాండ్‌లోంచి వరసగా వస్తున్నాయా చూడండి. ఎక్కడ పట్టేస్తే అక్కడే మీ తప్పు. నేనలా లాగి గుడ్డంతా హాల్లో పరిచేసరికి మేనత్త టీ గ్లాసుతో వచ్చి, "గంటసేపు మడిచి మళ్ళీ ఇప్పేశావేటి?" అంటూ ఫ్యాన్ స్విచ్ వేసేసింది.