ఆఫీసు వదిలి లారీ ఎక్కుతున్నారా, ఫోన్లో టైం మాత్రం చెప్పొద్దు

మొన్న మా సాలూరు ఘాట్‌లో మళ్లీ ఒక లారీ పడింది. ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, బ్రేకులు ఫెయిలంట అని అందరూ అంటున్నారు. డ్రైవర్ రెండేళ్ల కిందటి దాకా వైజాగ్‌లో ఏదో ఆఫీసులో బిల్లింగ్ చూసుకునేవాడు. బ్రేకులు పోయిన మాట నిజమే గానీ, ఎనిమిదింటికల్లా గోడౌన్ దగ్గరుంటానని రాత్రే మాటిచ్చేశాడట, అసలు కథ అక్కడుంది. ఈమధ్య ఉద్యోగం పోయో విసుగొచ్చో హెవీ లైసెన్స్ తీస్తామంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా. తాగి తోలొద్దు, బెల్టు పెట్టుకో లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

లైసెన్స్ సంగతి ఒక్క ముక్క. కారు లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా అంటారు కొందరు. 2024లో వచ్చిన ఆ తీర్పు 7,500 కిలోల లోపు బళ్లకి. పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నులు. హెవీ తీయండి.

ఇక అసలు విషయం. ఎప్పటికవుతుంది అని అడగ్గానే ఒక టైం చెప్పేయడం ఆఫీసు వాళ్లకి అలవాటు. అక్కడ లేటైతే సారీ అని మెయిల్ పెడితే సరిపోద్ది. ఇక్కడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఎన్నింటికి చేరతావ్ అంటారు, మీరు మ్యాప్ చూసి పొద్దున ఆరింటికి సార్ అనేస్తారు. ఆ మ్యాప్ చూపించేది కారు టైం. ఒడిశా బోర్డర్‌లో సుంకి చెక్‌పోస్టు దగ్గర క్యూ ఎంతుంటుందో, ఛత్తీస్‌గఢ్ కేష్కాల్ ఘాట్‌లో ఏ బండి అడ్డంగా చెడిపోతుందో దానికేం తెలుసు. ఇక ఆ ఆరింటి కోసం టీ మానేస్తారు, నిద్ర మానేస్తారు, దిగుడులో గేరు పెంచుతారు. రాయపూర్ రోడ్డులో ముసలైపోయిన డ్రైవర్లని చూడండి, ఎంత గుచ్చి అడిగినా "జయపూర్ (ఒడిశాది) దాటాను" అంటారు, అంతే. ఎక్కడున్నారో చెప్తారు, ఎప్పుడొస్తారో చెప్పరు. ఓనరు అరుస్తాడు, అరవనీయండి. చట్టంలో, 1961 నాటిది, మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం, రోజుకి 8 గంటల పని, 5 గంటలు తోలాక అరగంట రెస్ట్ అని రాసుండేది, 2025లో దాన్ని లేబర్ కోడ్‌లో కలిపేశారు. మా దగ్గర దాన్ని పట్టించుకునే ఓనర్ని నేను చూళ్లేదు, పోనీ మీరైనా ఆ లెక్కన తోలండి.

ఘాట్ దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే. పైనే ఆపి వేసుకుని మొదలెట్టాలి. మధ్యలో మార్చబోతే పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది, వెనక నుంచి లోడు తోస్తుంటుంది, ఇక బ్రేకొక్కటే దిక్కు. తొక్కి వదిలి తొక్కి వదిలి చేస్తుంటే బ్రేకులు పనిచేసేది గాలితోనే కదా, ఆ గాలి మీటరు ముల్లు కిందకి జారుతుంది, బ్రేకు డ్రమ్ములు కాలి వాసనొస్తుంది. వాసనొస్తే ఆపేయండి, చల్లారాక కదలండి. చల్లారడానికి అరగంటో గంటో పట్టుద్ది, టైం చెప్పినోడు ఆ గంట ఆగడు. డీజిల్ మిగులుద్దని ఇంజన్ ఆఫ్ చేసి దిగే తెలివిగలోళ్లున్నారు, ఇంజన్ ఆగితే గాలి నిండదు, స్టీరింగ్ బిగుసుకుపోద్ది.

మిగతావి గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

మొదటి ఏడాది సొంత బండి కొనొద్దు, పీఎఫ్ డబ్బులు అస్సలు పెట్టొద్దు. ఈఎంఐ తేదీ అంటే ఫైనాన్స్ వాడికి టైం చెప్పడమే కదా.

కొన్నాళ్లు సీనియర్ డ్రైవర్ పక్కన కూర్చోండి, ఆఫీసులో ఎంత పెద్ద పోస్టు చేసినా సరే.

బయల్దేరే ముందు టైర్లని రాడ్డుతో కొట్టి వినండి. జంట టైర్లలో లోపలిది గాలి పోయినా కంటికి కనపడదు, చప్పుడు మారుద్ది.

లోడు తూచిన కాటా చీటీ మీరే చదవండి. ఓవర్‌లోడ్‌కి చట్టంలో 20,000, ఆ పైన ప్రతి టన్నుకి 2,000. ఫైన్ ఓనరు కడతాడులే అనొద్దు, ఘాట్ దిగేది మీరు.

లోడు మీద కప్పిన టార్పాలిన్ పట్టా తడిసుంటే దాని మీదకి చెప్పులతో ఎక్కొద్దు. ఎక్కేముందు పైన కరెంటు తీగ చూడండి.

రోడ్డు అంచున ఆపి పడుకోవద్దు. బంకులోకో డాబా లోపలికో పోండి. బండి చెడిపోతే వెనక రాళ్లూ కొమ్మలూ పెడతాం కదా, బాగయ్యాక అవి తీసి కదలండి. తీయకుండా పోయే వెధవల వల్ల ఎన్ని బైకులు పడ్డాయో.

క్లీనర్ దిగకుండా రివర్స్ వద్దు. అద్దంలో వాడు కనపడకపోతే ఆపు.

క్లీనర్‌కి స్టీరింగ్ ఇవ్వొద్దు.

తెల్లవారుజామున కళ్లు మంటలెడితే పాటలు పెంచొద్దు, పడుకో.

ఎవరికీ టైం చెప్పొద్దు. సరుకు పార్టీకి, ఓనరుకి, బ్రోకర్‌కి, ఇంట్లో వాళ్లకి కూడా. కోరాపుట్‌లో ఉన్నా, తిన్నా అని చెప్పండి చాలు. పాప పుట్టినరోజుకి కేక్ కోసే టైముకి వచ్చేస్తా అనొద్దు. కోసెయ్యమనండి, ఓ ముక్క ఫ్రిజ్‌లో పెట్టమనండి.