ప్యాకెట్‌లో చక్కెర ఎన్ని చెంచాలో లెక్కగట్టడం ఎలా?

వంటింట్లోని చిన్న చెంచా, స్టీలు పళ్లెం, కాస్త చక్కెర, ఇంట్లో ఉన్న ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. అక్షరాలు సన్నగా ఉంటాయి కాబట్టి ఫోను కెమెరాతో పెద్దవి చేసుకుని చదవండి. ఈ పని భోజనం అయ్యాక, ఇంట్లోనే చేయాలి. ఆకలితో దుకాణంలో నిలబడి చదివితే ఏ అంకె బుర్రకెక్కదు.

ముందువైపు అసలు చూడకండి. గోధుమ కంకులు, తేనె చుక్కలు, ఎదిగే పిల్లల బొమ్మలు అన్నీ అటే ఉంటాయి. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది మన దేశంలో నిబంధన. మొదటి మూడింటిలో చక్కెర ఉంటే ఆ ప్యాకెట్ ఇంట్లోకి రాకూడదు.

ఇక పోషక విలువల పట్టిక. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

పట్టికలో చాలాసార్లు రెండు వరుసలుంటాయి. ఒకటి 100 గ్రాములకు, ఇంకొకటి ఒక సర్వింగుకు, అంటే ఒకసారి తినే మోతాదుకు. సర్వింగు ఎంతో నిర్ణయించేది కంపెనీ, తినేది మన పిల్లలు. మా చెల్లెలు ఒక క్రీము బిస్కెట్ల ప్యాకెట్ చూపించి, "ఎనిమిది గ్రాములే ఉంది కదక్కా" అంది. అది 25 గ్రాముల సర్వింగుకు, అంటే రెండు మూడు బిస్కెట్లకు. వాళ్ల అబ్బాయి బడి నుంచి రాగానే 75 గ్రాముల ప్యాకెట్ మొత్తం తినేస్తాడు. చక్కెర 24 గ్రాములు. తలకొట్టిన చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున ఆరు చెంచాలు. పళ్లెంలో ఒక్కొక్కటిగా పోసి చూపించాను. నాలుగో చెంచాకే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

కాబట్టి సర్వింగు వరుసను వేలితో మూసేయండి. 100 గ్రాముల వరుసలోని అంకెను మీరు నిజంగా తినే బరువుతో గుణించి 100తో భాగించండి. వచ్చినదాన్ని నాలుగుతో భాగిస్తే చెంచాలు. కూల్‌డ్రింకుకు 100 మిల్లీలీటర్ల అంకె తీసుకోండి. అక్కడ 10 గ్రాములని ఉంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు. రోజుకు 2,000 కెలోరీలు తినే మనిషి ఆ 25 లోపే ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతోనే రోజు కోటా అయిపోయింది!

మొత్తం చక్కెరలు, అదనంగా కలిపిన చక్కెరలు అని రెండు పంక్తులుంటే రెండోదాన్నే పట్టుకోండి. మొదటిదానిలో పాలలో సహజంగా ఉండే చక్కెర కూడా కలుస్తుంది. అయితే రెండో పంక్తిలో అంకె తక్కువుందని అక్కడితో ఆగకండి. పిండి నుంచి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి సాధారణంగా చక్కెర లెక్కలోకి రాదు, కానీ రక్తంలో గ్లూకోజును చకచకా పెంచుతుంది. జాబితాలో ఆ పేరు, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ కోసం వెతకండి. చక్కెరను ఇలా మూడు నాలుగు పేర్ల కింద విడగొడితే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది.

బెల్లమైతే పరవాలేదని వాదించేవారు చాలామంది. బెల్లంలో ఉన్నదీ ఎక్కువగా సుక్రోజే, అంటే మామూలు చక్కెరే, దాన్నీ చెంచాల్లోనే లెక్కపెట్టాలి. ప్యాకెట్లకు ఫోన్ యాప్‌లు ఇచ్చే మార్కులు చూసి కొనేవారూ ఉన్నారు. ఎవరో వేసిన మార్కు కన్నా మీ కళ్లముందు పళ్లెంలో పోసిన చక్కెర ఎక్కువ గుర్తుంటుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ లేబుల్ చదివి ఎంచుకోమనే ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, అతిగా తిన్న చక్కెరలోని ఫ్రక్టోజు అనే భాగాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. పళ్లు పుచ్చుతాయి, బరువు పెరుగుతుంది, మధుమేహం ముప్పు ముదురుతుంది. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. చక్కెర ఒక్కటే కాదు. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం పెడితే, ప్రాసెస్ చేయని ఆహారం పెట్టిన రెండు వారాలకన్నా రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు.

లెక్క తేలాక ప్యాకెట్ మీద మార్కరుతో చెంచాల అంకె రాసి, డబ్బాలో ముందువరుసలో పెట్టండి. ఇరానీ చాయ్ మానలేకపోతే దాంతో బిస్కెట్ మానేయండి. ఇంట్లో టీకి చక్కెర వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. బిస్కెట్ డబ్బా ఖాళీ అయ్యాక అందులో వేయించిన శనగలు పోయండి, మెహిదీపట్నం రైతుబజారు నుంచి తెచ్చిన జామకాయలు పక్కనే పెట్టండి.