టక్‌మని ఆగిపోయే పాత కారు: బ్యాటరీ కొనేముందు ఎర్త్ చూడండి

వానలు మొదలయ్యాక రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "తాళం తిప్పితే టక్‌మంటోంది, సెల్ఫ్ తిరగట్లేదు. బ్యాటరీ మార్చాలా, మెకానిక్‌ని పిలవాలా?" బళ్ళు కూడా దాదాపు అవే: పదిహేను, ఇరవై ఏళ్ళు తిరిగిన మారుతి 800లు, ఆల్టోలు, శాంత్రోలు. ఇంట్లో పది నిమిషాలు చూస్తే తేలిపోయే విషయానికి జనం వేలకు వేలు పోస్తుంటే బాధేస్తుంది.

ముందు శబ్దం వినండి.

టకటకటకమని వరసగా కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు లైట్లు ఆరిపోతుంటే బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, లేదా టెర్మినల్ వదులైంది. టెర్మినల్‌ని చేత్తో తిప్పి చూడండి. తిరిగిందంటే 10 నంబరు పానాతో బిగించండి. తెల్లటి పొడి పట్టి ఉంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడగండి, ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ. ఖాళీ అయితే ఛార్జింగ్‌కి ఇవ్వండి. ఛార్జింగ్ పెట్టాక కూడా నిలవకపోతే అప్పుడు కొత్తది కొనండి.

సెల్ఫ్, అంటే ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు, గిరగిరా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే అది పెట్రోలు, స్పార్కుల గొడవ. ఈ దారి దానికి పనికిరాదు.

ఇక అసలు దొంగ. లైట్లు బాగా వెలుగుతాయి, హారన్ గట్టిగా మోగుతుంది, మీటర్‌లో 12.6 కనిపిస్తుంది. తాళం తిప్పితే మాత్రం ఒక్కసారి టక్, అంతే. లేదంటే ఇంజన్ బరువుగా, నీరసంగా ఓ అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. పది నిమిషాలాగి మళ్ళీ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇలా ఉంటే ఎర్త్ వైరునే, అంటే బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్ళే వైరునే అనుమానించండి.

ఈ వైరు చేతిలో నేనే దెబ్బతిన్నాను. మా 800 తాటిపాక సెంటర్లో నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఒక షాపులో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. నెల తిరక్కుండా మళ్ళీ అదే టక్. ఇంకో చోట సెల్ఫ్ విప్పి కార్బన్‌లు, బుష్‌లు మార్చారు. మూడు వారాలు బాగానే ఉండి మళ్ళీ మొదలైంది. చివరికి క్లచ్ గట్టిపడిందని బానెట్ ఎత్తితే, క్లచ్ కేబులు పైతొడుగు ఒకచోట కరిగి ముడతలు పడి ఉంది. ఇంజన్ నుంచి బ్యాటరీకి తిరిగి రావడానికి కరెంటుకు సరైన దారి లేక ఆ సన్నటి కేబులు గుండా వస్తోందన్నమాట! ఎర్త్ వైరు పైకి నల్లగా నిగనిగలాడుతోంది. లగ్గు (వైరు కొసన బోల్టుతో బిగించే లోహపు ముక్క) దగ్గర రెండంగుళాలు చీల్చి చూస్తే లోపలంతా ఆకుపచ్చ చిలుము. రాగి పోగులు ఎండిన కొబ్బరిపీచులా చేతిలోనే తెగిపోయాయి.

ఇది ఎందుకు దొరకదో చెబుతాను. హెడ్‌లైట్ బల్బుకి సుమారు 5 ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కి వంద ఆంపియర్లకు పైనే కావాలి, అదంతా ఎర్త్ వైరు గుండానే బ్యాటరీకి చేరాలి. నాలుగు పోగులు మిగిలినా లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ తిరగదు. మల్టీమీటర్‌ని బీప్ మీద (వైరు తెగిందో లేదో చూసే చోట) పెట్టి చూసినా ఒక్క పోగు ఉంటే చాలు, బీప్‌మంటుంది. అందుకే ఆ బీప్‌ని నమ్మి ఎర్త్ బాగుందని చెప్పే ఎలక్ట్రీషియన్ మాట నేను తీసుకోను. మన వైపు సముద్రపు గాలి, ఉప్పునీటి రొయ్యల చెరువులు, వానాకాలం అంతా ఆరని తేమ. లగ్గు దగ్గర ఆ చెమ్మ వైరు లోపలికి పాకుతుంది.

పరీక్ష ఇది. బండి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేయండి. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ మైనస్ పోల్ మీద ఆనించండి. క్లాంపు మీద కాదు, సీసపు పోల్ మీదే. ఎర్ర ప్రోబ్‌ని ఇంజన్ మీద రంగు లేని బోల్టుకి ఆనించి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. తిప్పినంతసేపూ 0.3 లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. మీటర్ లేకపోతే జంపర్ కేబులు ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండో కొన ఇంజన్ లోహానికి తగిలించి స్టార్ట్ చేయండి. బెల్టుకి, ఫ్యాన్‌కి దూరంగా పెట్టండి. అప్పుడు చటుక్కున తిరిగితే ఇక మీటరుతో పనిలేదు.

మా వీధిలో కొబ్బరికాయల వ్యాపారం చేసే బాబాయి బ్యాటరీ కొనడానికి అమలాపురం బయలుదేరబోతుంటే ఆపి ఇలాగే జంపర్ తగిలించాను. మొదటి సారికే అందుకుంది. "ఆయ్, అయితే బ్యాటరీ అక్కర్లేదా అబ్బాయ్?" అని రెండుసార్లు అడిగారు.

బాగు చేసుకోవడం ఇంటి పనే. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి, మళ్ళీ పెట్టేటప్పుడు అదే ఆఖరు. సాధారణంగా ఒక వైరు బాడీకి, ఇంకొకటి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తుంది, రెండూ విప్పండి. లగ్గు ఆనే చోట తుప్పు, రంగు పోయి మెరిసే వరకు ఎమరీ పేపర్‌తో రుద్దండి. వైరు లోపల చిలుము కనిపిస్తే శుభ్రం చేసి లాభం లేదు, అదే మందంలో కొత్త వైరుకి లగ్గులు నొక్కించి తెచ్చుకోండి. కొన్ని వందల్లో అయిపోతుంది. సన్నటి వైరుతో సరిపెట్టకండి. బిగించాక పైన గ్రీజు రాయండి. ఇంజన్ ఊగుతుంది కాబట్టి వైరు కాస్త వదులుగా ఉండాలి. క్లచ్ పని చేయించి తెచ్చిన బండి అయితే ఎర్త్ వైరు తిరిగి తగిలించారో లేదో కూడా చూడండి, మర్చిపోయినవి రెండు మూడు చూశాను.

ఎర్త్ రీడింగ్ బాగుండి, బ్యాటరీ నిండుగా ఉండి, అయినా టక్‌మంటుంటే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. సెల్ఫ్ దించడం, కార్బన్‌లు మార్చడం ఆయన పని. బ్రేకులు, టైమింగ్ బెల్టు, ఏసీ గ్యాస్ కూడా అంతే, వీడియో చూసి వాటి జోలికి పోవద్దు. వెళ్ళేటప్పుడు "బండి స్టార్ట్ అవ్వట్లేదు" అనకండి. "బ్యాటరీ 12.6 ఉంది, ఎర్త్‌లో 0.2 వోల్టుల కంటే ఎక్కువ పడట్లేదు, సెల్ఫ్ చూడండి" అనండి. అక్కర్లేని బ్యాటరీ మీకు అమ్మే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇగ్నిషన్ స్విచ్ పోవడం, ఎలుకలు వైర్లు కొరకడం లాంటివి అరుదు, వాటి సంగతి ఆయనే చూసుకుంటారు.

ఇంజన్ అందుకున్నాక ఆపేయకుండా బ్యాటరీ మీద మీటర్ ఇంకోసారి పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో బాగా ఛార్జ్ చేస్తోంది. 13 కూడా దాటకపోతే ఆ రోజే ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.